అరవై ఒకటో పేజీ

ఇక్కడ వాన ముందు పుట్టింది, ఊరు తర్వాత.
క్లాక్స్‌విక్ లైబ్రరీలో గొడుగులు పెట్టే చోటు లేదు,
ఈ గాలికి గొడుగు తెచ్చే వెర్రివాళ్లు లేరు కనుక.

సున్వా చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చింది,
నుదుటి మీద వల టోపీ గీత ఇంకా ఎర్రగానే ఉంది.
"ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. ఏ పుస్తకం మంచిది?"
అక్కడికి కొత్త తూకం మిషన్ వచ్చిందట,
కాడ్ చేపని చూసి హాడక్ అంటోందట,
బాగుచెయ్యాలంటే డెన్మార్క్ నుంచి మనిషి దిగాలట.
"ఆయనొచ్చేలోపు నేనే అడుగుదామని,
నీ కళ్లెక్కడున్నాయే అని."

నాకు పుస్తకాలు తెలుసు, లోపలున్నవి తెలియవు.
సీసా మీద పేరు చూసి మందు అందించే
కాంపౌండరు లాంటివాణ్ణి.
డేనిష్‌లో నాలుగు, ఇంగ్లీషులో తొమ్మిది.
మా భాషలో ఒక్కటీ లేదు.
యాభై నాలుగు వేల మందిమి,
ఎవరు రాస్తారు, ఎవరి కోసం?
ఉన్నవి బల్ల మీద పరిచాను.

వెనక అట్ట చదవలేదు. ముందుమాట జోలికి పోలేదు.
మొప్ప ఎత్తినట్టు నడిమధ్యన తెరిచి
ఒక పేరాని బొటనవేలితో నొక్కింది.
నొక్కితే సొట్టపడి లేవని మాంసం పాతదని ఆమె లెక్క.
"ఇది నాతో కాదు, నా పక్కనున్నవాడితో మాట్లాడుతోంది."
"ఇందులో అన్నీ బొమ్మలే, నేనేమన్నా చంటిపిల్లనా?"

మొదట లావుపాటిది మోసుకెళ్లింది. వెయ్యినూటపన్నెండు పేజీలు.
వారం తిరిగేసరికి తల ప్రాణం తోకకొచ్చిందంది.
"ఇది నేర్చుకునేవాళ్లకి కాదు,
నేర్చుకున్నవాళ్లు అలమరలో పెట్టుకోడానికి."

తర్వాత డబ్బు కట్టి వీడియో కోర్సు.
చెప్పే కుర్రాడికి నవ్వెక్కువట.
అతను టైపు చేస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టుంటుంది,
ఆపగానే తన వేళ్లు కొయ్యబారతాయి.
"ఒకరు కోస్తుంటే చూసి
కత్తి పట్టడం నేర్చిందెవరు?
నాకు మూడు వేళ్లు తెగాకే కదా వచ్చింది."

నవంబరు. నాలుగింటికే చీకటి.
కింది అరలోంచి తనే లాగింది ఒక సన్నటి పాతది,
వెన్నుకి టేపు, అంచుల్లో పెన్సిల్ రాతలు.
"ఇది ఇవ్వండి. ఇందులో ఎవరో తప్పులు చేశారు."

ఆ రోజు నేను స్టాంపు వెయ్యడం మర్చిపోయాను.

గడువు పెంచుకోడానికి వచ్చినప్పుడల్లా ఆ మనిషి కబుర్లే.
"మీ పెన్సిలాయన ఒకటి నుంచి లెక్కపెడతాడండీ,
సున్నా నుంచి కదా మొదలు!
మొదటి చేప ఆయనకి కనపడదు,
చివర లేని చేప కోసం తడుముకుంటాడు."
"నలభై మూడులో కోపమొచ్చింది, మొన విరిగిన గుర్తుంది."
"పాపం, అరవై ఒకటిలో వదిలేశాడు.
ఒక్క కామా. ఒక్క కామా కోసం!"

కిటికీలోంచి చూడ్డానికి ఏమీ లేకపోయినా చూశాను.
పద్నాలుగేళ్ల కింద, ఆ వారం మంచు,
తర్వాత గొర్రెల పని,
తర్వాత చెప్పుకోడానికి ఇంకేవో ఉన్నాయి.
కామానే.

గడువు తేదీ చీటీ మీద రాసిచ్చాను.
నా ఏడుకి నడుము దగ్గర అడ్డగీత ఉంటుంది.
ఆమె చీటీ చూసింది, పుస్తకం తెరిచి చూసింది,
జిప్పు మెడదాకా లాక్కుని వాన్లోకి వెళ్లింది.

ఫిబ్రవరిలో తిరిగిచ్చింది.
మిషన్ ఇంకా హాడక్ అంటూనే ఉందట,
కాకపోతే రెండింట్లో ఒకటి కాదు, ఇరవైలో ఒకటి.
డెన్మార్క్ మనిషి రావడం వాయిదా పడింది.

ఆమె వెళ్లాక అరవై ఒకటి తీశాను.
నీలం సిరాతో కామా, దాని చుట్టూ సున్నా,
పక్కన మా భాషలో రెండే మాటలు:
"ఇక్కడ. పదండి."

లైబ్రరీ పుస్తకంలో సిరా గీస్తే నలభై క్రోన్ల జరిమానా.
రసీదు నా పేర చింపుకుని
పుస్తకం కోటు లోపల పెట్టుకున్నాను, తడవకుండా.