కొలతల పుస్తకం

పునాది గుంత:
పొడవు అరవై మీటర్లు, వెడల్పు నలభై రెండు,
లోతు రెండున్నర.
రాసింది నేనే. సంతకం నాదే.
పైన నల్లరేగడి, దాని కింద మొరం,
ఆ కింద పలుగుకు పలకని రాయి.
రాయి తగిలిందంటే కాంట్రాక్టరుకు పండుగ,
రేటు మారుతది.

ఆ గుంతలో ఎక్కడో
నా మోకాలి తోలు కూడా ఉంది.
దానికి కాలమ్ లేదు.

పదో తరగతిల ఇక్కడే కబడ్డీ ఆడిన.
మొగిలి సున్నం సంచి చంకన పెట్టుకొని
ఎనక్కి ఎనక్కి నడుచుకుంట గీత పోసేటోడు.
టేపు లేదు, దారం లేదు.
"మనిషి తప్పించుకునేతందుకు ఎంత జాగ కావాల్నో
నా కాళ్లకు ఎరికే" అనేటోడు.
అనుమానం వచ్చి టేపు పట్టినోళ్లు
బెత్తెడు తేడా కూడా దొరకక
బీడీ ఒకటి చేతిల పెట్టి పోయేటోళ్లు.

ఇప్పుడు అదే జాగల
కింద ఇండోర్ స్టేడియం, పైన కళాభవనం.
అంచనా అరవై ఎనిమిది కోట్లు,
సవరించిన అంచనా తొంభై ఒకటి.
నడుమ మూడు శంకుస్థాపనలు,
మూడు నల్లరాతి పలకలు, మూడు పేర్లు.
పాత రెండూ పంపుహౌసు మెట్లకు వేసినం,
అక్షరాలు పై దిక్కుకు,
కాలు జారకుండ.

మాది ఇట్లాంటి ఊరు.
పోచమ్మ మైదాన్ల మైదానం ఏదంటే
ఆటో ఆయన చౌరస్తా చూపిస్తడు.

అయినా ఎం.బి.లో అబద్ధం రాయలేను.
పోయిన మంగళవారం
మేపుల్ చెక్క పరిచిన నాలుగో రోజు
ఏనుమాముల మార్కెట్ హమాలీ బిడ్డ నవనీత
వాలీబాల్ చంకన పెట్టుకొని వచ్చింది.
చెప్పులు బయట విడిచింది.
బాల్ పక్కన పెట్టింది.
కావాలనే ముందుకు దూకి పడ్డది.
లేచి మోకాళ్లు చూసుకుంది,
మోచేతులు తిప్పి చూసుకుంది.
రక్తం లేదు.
మళ్లీ పడ్డది, ఈసారి నవ్వుకుంట.
వాళ్ల నాయన తలుపు కాడనే నిలబడ్డడు,
అంగీ నిండా మిర్చి బస్తాల ఘాటు,
తుమ్ము రాకుండ ముక్కు పట్టుకొని.
ఆ చెక్క మీద తుమ్మితే ఎవలేమంటరో అని.

కోట్లు ఏం చేసినరని ఎవరన్నా అడిగితే
నేను ఆ రెండోసారి పడుడు గురించి చెప్త.

పై అంతస్తు సంగతి వేరే.
ధ్వని పరీక్షకు ఒగ్గు దళాన్ని పిలిచినరు.
ఐలేశు డోలు మీద ఒక్క దెబ్బ వేసిండు.
ఆఖరి వరుసల కూసున్న నా పక్కబొక్కలల్ల పలికింది.
అంత మంచి హాలు.
తర్వాత ఆఫీసరు రేట్ల కాయితం చదివిండు:
రోజు కిరాయి ముప్పై ఎనిమిది వేలు,
డిపాజిట్ వేరే, కరెంటు వేరే,
రాత్రి తొమ్మిదికి బంద్.
ఐలేశు డోలుకు గుడ్డ కప్పుకుంట అన్నడు:
"తొమ్మిదికి మా కథల దేవుడు
ఇంకా పుట్టనే పుట్టడు సారూ."

నిన్న మొగిలి వచ్చిండు.
వాచ్‌మన్ ఆపితే నా మనిషి అని చెప్పిన.
గీతలు పుణె నుంచి వచ్చిన మిషను వేసింది,
తళతళ పసుపు రంగు.
వట్టి కాళ్లతోని ఎనక్కి ఎనక్కి
గీత పొడుగూతా నడిచిండు మొగిలి.
తప్పేమన్నా దొరుకుతదేమోనని
నా గుండె కొట్టుకున్నది.
ఎవరి దిక్కు నిలబడాల్నో తెలియలే నాకు.
"మంచిగనే ఉన్నది" అన్నడు.
గోడ కాడ ఆగి, అరచేత్తో తట్టి చూసి:
"మరి రోడ్డు మీద పోయేటోనికి
ఆట కనవడుడెట్ల?"

సైకిల్ మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు,
కూరగాయల సంచి హ్యాండిలుకు వేలాడుతుంటే
అర్ధగంట మర్చిపోయి నిలబడే మనుషులు
ఆ మూల ఉండేటోళ్లు.
వాళ్ల అరుపుకే నేను రెండు మ్యాచులు గెలిచిన.
గ్యాలరీల సీట్లు పదకొండు వందలు, నేనే లెక్కపెట్టిన.
ఆ నిలబడేటోళ్లను ఎక్కడ కలపాల్నో తెలియలే.

రాత్రి రిమార్కుల గడిలో రాసిన:
తూర్పు గోడ, రోడ్డు దిక్కు,
మనిషి ఎత్తుల కిటికీ ఒకటి.
పెన్సిల్‌తోని రాసిన.
ఎం.బి.లో పెన్సిల్ రాత చెల్లదు.
చెరపమని పైనుంచి ఫోను వచ్చింది.
రబ్బరు కోసం
ఇంకా వెతుకుతనే ఉన్న.