ఎన్నో రకం ఎరుపు

మా అమ్మ నా నెలలు లెక్కవెడ్తది
క్యాలెండర్ మీద, గ్యాస్ బండ తెచ్చిన తారీఖు పక్కన
పెన్సిల్ తోటి ఒక చుక్క.
ఈ రక్తం ఆ లెక్కల లేదు.

నాకు ఇరవై రెండు నిండినయి.
సిరొంచల, ప్రాణహిత ఒడ్డుకు, మిర్చి కల్లంల
తాలు ఏరుత.
ఎర్రయి ఇటు, తెల్లవడ్డయి అటు.
ఎరుపుల ఎన్ని తీర్లుంటయో నా వేళ్లకు ఎరుకే:
నిగనిగలాడేది, మబ్బుకు నల్లవడ్డది,
మచ్చను లోపల దాసుకున్నది.
చెల్కలకు పోయిన దినాలల్ల
ఎనుకకు మర్రి చూసిందెవరు?
సర్కారు కట్టిచ్చిన తెల్ల పళ్లెం చూపెట్టింది.
అది ఎన్నో రకమో
చెప్పలేకపోయిన.

అమ్మకు చెప్తే
"అప్పుడే వచ్చిందా?" అన్నది.
అది కాదమ్మా అంటే
"మరి ఇంకేం రక్తం?"
ఆడివిల్లకు ఒక్కటే రక్తమని,
దానికే ఒక మూల, ఒక బట్ట, ఒక గుసగుస ఉంటదని
మా ఇంట్ల నమ్మకం.
దీనికి జాగ లేదు.

కల్లంల సగమే చెప్పిన, కడుపుల మంట అని.
సగం చెప్తే సగం మందులే వచ్చినయి.
సబ్జగింజలు. సల్ల. వేడి చేసిందట.
"ఘాటు లోపటికి పోతది బిడ్డా" అన్నది మదునక్క
ముప్పై ఏండ్ల సంది అదే ఘాటుల కూసుండి.
వంతెన అవుతల ఒకాయన ఉన్నడట,
మనిషి మొకం చూసి మొలలు అని చెప్పేస్తడట.
మొకం చూసి చెప్పేది కాదు గదా నాది.

మూడు నెలలు.
బస్తాలు తూకమేసే కాంటా మీద
ఎవరూ లేనప్పుడు నిలవడ్డ.
నాలుగు కిలోలు ఎటువోయినయో.

దవఖానల ఉసెండి మేడం, గోండు ఇంటి బిడ్డ,
మరాఠీల మొదలువెట్టి తెలుగుల దిగుతది.
"రంగ్ కోణ్తా?"
నా పనికి తగ్గ సవాలు అడిగింది ఆమె ఒక్కతే.
పచ్చి ఎరుపా, తారు లెక్క నలుపా?
పైన గీతనా, లోపట కలిసిందా?
జిగట? జరం? నిద్రల లేపుతదా?
కోసినట్టు నొప్పా, నొప్పే లేదా?
బీట్‌రూట్ తిన్నవా అని సుత అడిగింది.
బీట్‌రూట్ కొనే మొకమా నాది, నవ్వొచ్చింది.
రక్తం తక్కువని ఇచ్చిన ఐరన్ గోలీలు చూపెట్టిన.
అవి నల్లగ చేస్తయి, ఎర్రగ కాదన్నది.

ఆమె ఏరుతుంటే చూసిన.
గట్టివడి చీరుకున్నదైతే ఒక కుప్ప.
మొలలైతే ఇంకో కుప్ప.
వానకాలం బోరు నీళ్లల్ల వచ్చే పురుగు,
దానికి వారం గోలీలు.
పేగు తనకు తానే పుండువడే రోగం ఒకటున్నదట,
నీ అసొంటి వయసోళ్లనే దేవులాడుకుంటదట.
ఆఖరి దాని పేరు తియ్యలే.
"నీ వయసుకు చాన తక్కువ" అని పక్కకు జరిపింది.
జరిపింది గని పారెయ్యలే.
అది నేను కనిపెట్టిన.

పరదా గుంజి, ఎడమ పక్కకు ఒరగమన్నది.
అమ్మ గోడ దిక్కు తిరిగింది
గోడ మీద టీకాల బొమ్మను చదువుకుంట,
ఆమెకు చదువు రాదు.

చంద్రాపూర్ల గొట్టం ఏసి చూడాలె.
ఎస్టీ బస్సు, ఆలాపల్లి అడవి, తొవ్వంత గుంతలు.
ఒక్కొక్క గుంత కాడ అమ్మ నా మొకం చూసింది.
ఒక్కసారి సుత అడగలే.

ముక్క కోసి పంపిండ్రు, రిపోర్టుకు పది రోజులు.
ఇంటికొచ్చినంక క్యాలెండర్ మీద చూసిన:
చుక్కలు కాదు, చిన్న చిన్న ఇంటు గుర్తులు.
"గవి నీ రెండో రక్తానియి" అన్నది,
పొయ్యి కాడికెళ్లి, మర్రకుంట.

తెల్లారి కల్లంల, మదునక్క పక్కన కూసోని
మిగిలిన సగం చెప్పిన.
దొడ్డికి పోతే రక్తం, అత్తా.
ఆమె తల ఎత్తలే.
శానసేపటికి, మెల్లగ,
"ఎర్రగనా, నల్లగనా?" అన్నది.

చేతిల ఉన్న కాయ
ఏ కుప్పలకూ పోలే.