చుట్ల లెక్క

రోహిణి కార్తె. తెల్లారుజాము మూడున్నర.
బ్యారేజీ దీపాల చుట్టూ ఇంకా పురుగులు ముసురుతూనే ఉన్నాయి.
మీరావలి మామ టీవీయస్ బండికి స్టాండేసి
పెట్రోలు కట్టేసి
సీతానగరం వైపు రాళ్ళ మీంచి దిగుతున్నాడు,
చెప్పులు చేత్తో పట్టుకుని.
వెనకాల నేను,
బతికున్న రొయ్యల పెరుగు డబ్బా తొణక్కుండా.

డెబ్భై గేట్లూ మూసేసున్నాయి.
ఎగువన నది నిండుగా నిద్రపోతోంది.
దిగువన ఇసక.
ఇసక మధ్య గుంటలు,
పెళ్ళివారు వెళ్తూ వెళ్తూ మర్చిపోయిన గిన్నెల్లా.
ఒక్క గేటుకి మాత్రం, ఏ నంబరుదో మామకి తెలుసు,
రబ్బరు అరిగి నీళ్ళు సన్నగా కారతాయి.
ఆ కారే చోటే మా చోటు.

మామ పగలంతా ఫ్యాన్లకి వైండింగ్ చేస్తాడు
గవర్నరుపేటలో, మెట్ల కింద కొట్లో.
ఎండాకాలం భోజనానికి కూడా లేవడు.
కాలిపోయిన ఫ్యాన్లు గుమ్మం దాకా పడుంటాయి
రెక్కలు ఊడదీసిన కాకుల్లా.
ఊరందరికీ గాలిచ్చే మనిషికి
గాలి కావాలంటే ఇక్కడికి రావాల్సిందే.

నైలాను దారం కూడా రాగితీగలాగే చుడతాడు.
చుట్టు పక్కన చుట్టు. చుట్టు మీద చుట్టు పడకూడదు.
పెదాలు కదుల్తూ ఉంటాయి.
ఏదో దువా అనుకునేవాణ్ణి మొదట్లో.
లెక్క.

"పోయినేడు వరదకి ఎదురెక్కి వచ్చిందిరా ఇది
సముద్రం నుంచి, హంసలదీవి మీదుగా.
గేట్లు దించేసరికి తిరిగెళ్ళే దారి తెగిపోయింది.
పండుగప్ప. మోచెయ్యంత ఉంటుంది."
మోచెయ్యి చూపించలేదు.
చీకట్లో చూపిస్తే మాత్రం ఏం లాభం.

ఉప్పు రుచి గుర్తుంటుందా మామా దానికి, అన్నాను.
"పడితే అడుగుదాం."

తర్వాత గంటా ఏమీ లేదు.
దోమలు. తొడ మీద నా చెయ్యి చప్పుడు.
ఉండవల్లి కొండ నెత్తిన కాస్త తెలుపు.
రైలు వంతెన మీద గూడ్సు బండి,
బొగ్గు పెట్టెలు లెక్కపెడుతున్నాను,
నలభై ఒకటో పెట్టె దగ్గర
బెండు మునిగింది.

రీలు ఎదురు తిరిగింది.
అలా ఏడుస్తుందని నాకు తెలీదు, ఇనప వస్తువు.
మామ బొటనవేలు దాని మీద పెట్టి
ఈసారి పైకే లెక్కపెడుతున్నాడు, పదులు పదులుగా,
ఎనభై, తొంభై, టార్చెయ్యరా, నూట పది.
వేశాను.
ఒక్కసారి పైకి లేచింది.
వెండి అంటారు గానీ వెండి కాదు,
అప్పుడే కళాయి పోసిన గిన్నె అడుగు.
కన్ను మాత్రం ఎర్రగా, కాలుతున్న కాయిల్‌లా,
నా వైపే తిరిగినట్టనిపించింది.

రెండొందల పన్నెండు.
రాయికి ఒరుసుకుని దారం తెగింది.

మామ నడుంలోతు నీళ్ళలోనే నిలబడ్డాడు చాలాసేపు.
తెగిన కొస నాలిక మీద పెట్టుకున్నాడు.
ఉప్పగా ఉందా?
"నా చెమటేరా" అన్నాడు.

తొమ్మిదింటికి కొట్లో ఒకావిడ:
పిల్లకి ఒళ్ళంతా చెమటకాయలండీ,
మూణ్ణాళ్ళనుంచీ రేపు రేపంటున్నారు.
మామ తలెత్తలేదు, తీగ చుడుతున్నాడు.
రెండొందల పన్నెండు దగ్గర చెయ్యి ఆగింది.
ఆవిడ తిట్టడం ఆపింది, ఎందుకో ఆవిడకే తెలీదు.
మళ్ళీ చుట్టాడు.

శ్రావణంలో సైరను మోగింది.
గేట్లెత్తారు.
ఊరు ఊరంతా ఫోన్లు పట్టుకుని నీళ్ళ మీదకి వంగింది.
మామ కొట్టు అరగంట మూసి వచ్చాడు గానీ
దూకే నీళ్ళని చూళ్ళేదు,
మన గుంట ఎక్కడరా ఇందులో, అని వెతికాడు.
ఎర్రటి నీళ్ళు. రైలు వంతెన కాళ్ళు. ఒక కొబ్బరి మట్ట
గిరగిర తిరిగి కిందకి పోయింది.
"దారి దొరికుంటుంది" అన్నాడు.
మూతికి ఇంకా నా గాలం వేలాడుతూ, అని మాత్రం అనలేదు.
నేనూ అనలేదు.

ఆ వారమే కొత్త దారం కొన్నాడు.
ఈసారి ఎంత చుడుతున్నావు మామా, అంటే
పెదాలు కదుపుతూనే
అరచెయ్యి అడ్డం పెట్టాడు,
లెక్క తప్పుతుందని.