పది సెకన్లు

రాయగడ. మిల్లు కాలనీ ఈతకొలను. పొద్దున్న అయిదున్నర.
గాలినిండా ఉడికిన వెదురు వాసన.
గట్టు మీద బెహరా సారు లెక్క:
ఎక, దుయి, తిని, చారి.

దీనికి సీతాకోక అని పేరు పెట్టినవాడు
ఆరో పాతిక ఈది ఉండడు.
రెక్కలా ఇవి? తడిసిన వడ్ల బస్తాలు.
నేనే ఎత్తాలి, నేనే పడెయ్యాలి.

"నడుం మునిగిందా, ఆగిపో.
పాడు ఈత ఎంత ఈదినా
తప్పుకే బలం" అంటాడు సారు,
సగం ఒడియా, సగం తెలుగు.

అందుకే ముక్కలు చేశాం. పదహారు పాతికలు.
మధ్యలో ఊపిరికి జూన్‌లో ముప్ఫై సెకన్లు,
వానలు ముదిరేసరికి ఇరవై,
దసరా దాటాక పది.
గట్టు పట్టుకునే కాలమే
సబ్బుబిళ్లలా అరుగుతూ వచ్చింది.

నిన్న రెండొందలూ ఏకధాటిగా.
ఏడో గోడ దగ్గర భుజాలు
చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయి.
చేతులు దిగితే ఒక తన్ను, లేస్తే ఒక తన్ను,
అంతే మిగిలింది.
సారు అంకెలు వినబడలేదు.
లోపల ఎవరో,
గేటు దగ్గర ఇడ్లీలు లెక్కపెట్టే మా అమ్మ గొంతుతో,
ఒకటి, రెండు,
మూడు,

గోడ.

నాలుగు అనబోయిన నోట్లో
క్లోరిన్ నీళ్లు.