మందు తూకం

పొడి డబ్బా మూత తీసే ముందు
హీటరు ఆపేసింది లోర్నా హెగ్‌స్టాడ్.
మోంటానాలో, లూయిస్‌టౌన్‌లో, ఆమె గ్యారేజీలో
అక్టోబరు రెండో ఆదివారం
చలికోటు విప్పకుండానే కూర్చున్నాను.

డెబ్భై ఆరేళ్ళ మనిషి.
నెలనెలా నా ఫార్మసీ కిటికీ దగ్గరికొచ్చి
వణుకు మాత్రలు తీసుకుపోతుంది.
వేసవిలో ఓ రోజు ఆ కిటికీలోంచే అడిగింది:
"నువ్వు మాత్రలు రెండుసార్లు లెక్కపెడతావు. చూశాను.
నాకు నీ చేతులు కావాలి."

పోయిన ఆదివారమంతా ఇత్తడితోనే సరిపోయింది.
కాల్చేసిన గొట్టాలు యాభై,
మెడల దగ్గర మసి,
నిరుటి కొండగాలి ఇంకా లోపలే ఉన్నట్టు.
ఒక్కొక్కటీ దీపం కింద తిప్పి చూడమంది.
పగులుంటే పక్కన పెట్టు.
ఉందేమో అనిపించినా పక్కన పెట్టు.
మా అమ్మ బిందెలు చింతపండుతో తోమేదని
నోరు జారాను.
అప్పటికప్పుడు ఇంటికెళ్ళి ఓ ముద్ద తెచ్చి
ఒక గొట్టం తోమి చూపించక తప్పలేదు.
వేళ్ళ మధ్య తిప్పి చూసింది.
"బాగుంది. మిగతా నలభై తొమ్మిదీ మిషన్లో వేద్దాం."

ప్రెస్సు పిడి కిందికి లాగితే
పాత ప్రైమరు టిక్కున రాలింది
పాలపన్ను ఊడినట్టు.
కొత్తది సరిగా కూర్చుందో లేదో
కంటికి కాదు, వేలికి తెలియాలట.
ఆమె వేలు అక్కడిదాకా వచ్చి
వణికి, వెనక్కి పోయింది.

తూకం దగ్గర పూర్తిగా నాకే వదిలేసింది.
ఇక్కడి కొలత పేరు గ్రెయిను. గింజ.
గురిగింజలు పెట్టి బంగారం తూచిన వాళ్ళం,
ఆ గింజ పేరులోనే గురి ఉందని
చెప్పబోయాను.
ఇంగ్లీషులోకి వచ్చేసరికి
పొట్టు మాత్రం మిగిలింది.
ఇంకొకటి అసలు ఎత్తనే లేదు:
ఈ గొట్టంలో పోసేదీ
ఆమె రోజుకు నాలుగుసార్లు మింగేదీ
నా భాషలో ఒకటే మాట.
రెండింటికీ పుస్తకముంది,
పుస్తకంలో దాటకూడని గీత ఉంది.
"కింది అంకెతో మొదలుపెట్టు," అంది లోర్నా,
"పైకి పోవడానికి తొందరేముంది?"
మార్చిలో ఆమె మోతాదూ కింది అంకెతోనే మొదలైంది.
ఇప్పటికి మూడుసార్లు పెరిగింది.
చీటీలన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళాయి.
నాకు తెలుసని ఆమెకు తెలుసు.

ముప్ఫై ఒకటో గొట్టం దగ్గర నా ఫోను మోగింది.
చూడలేదు.
చూశానేమో, అర క్షణం.
ముప్ఫై ఒకటిలో పోశానా?
రెండుసార్లు పోశానా?
లోపలికి తొంగి చూస్తే అన్నీ ఒకే నలుపు.
పోశాననే అనుకుంటున్నాను, అన్నాను.
"అనుకుంటున్నావా," అంది.
కోపం లేదు గొంతులో.
ట్రేలో నింపినవన్నీ ఒక్కటొక్కటిగా వంచి
డబ్బాలోకి తిరిగి పోయించింది.
ఫోను తీసుకెళ్ళి
వంటింట్లో ఫ్రిజ్ మీద పెట్టొచ్చింది.
మళ్ళీ ఒకటో గొట్టం.

యాభయ్యో తూటా మొన కూర్చునేసరికి
బయట మంచు పట్టింది.
ఎల్క్ సీజనుకు ఇంకా రెండు వారాలు.
పెట్టె మీద తారీఖు రాయమంది,
గింజల లెక్క, పొడి పేరు, అన్నీ,
మాత్రల సీసా మీద రాసినట్టే.
"ఎవరివి" అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుని
బల్ల మీద తొణికిన చుక్కల వైపు
చూడకుండా అంది:
"నా పేరే రాయి.
ఈ ఏటికి."

రాశాను.
హీటరు మళ్ళీ వెయ్యాలని
ఇద్దరికీ తోచలేదు.