జానెడు

అడ్మిషన్ల కిటికీ వెనక గుమాస్తా
నా సర్టిఫికెట్లను పేకముక్కల్లా తిరగేసి
ఒకచోట ఆగాడు.
"డిగ్రీ అయిపోయి రెండేండ్లాయ.
ఇన్నాళ్ళూ యాడుంటివి మ్మా?"
"ఖాళీగా" అన్నాను.
ఎర్ర సిరాతో 'గ్యాప్' అని రాసి
చుట్టూ సున్నా చుట్టాడు.

ఖాళీగా లేను.
చిత్తూరు అవతల గుజ్జు ఫ్యాక్టరీలో
తోతాపురి కాయలకు ముచ్చికలు కోస్తా ఉంటిని.
మామిడి అయినాక జామ, జామ అయినాక బొప్పాయి,
ఏదీ లేని నెలల్లో డబ్బాలు కడగడం.
సొన కాల్చిన మచ్చలు మోచేతి దాకా,
అందుకే ఈ ఉక్కలో కూడా నిండుచేతుల చుడీదార్.

నాలుగు మంచాల గదిలో ఐదుగురం.
కాళహస్తి మునీశ్వరి, కలికిరి కౌసర్,
ఎప్పుడూ నిద్రపోయే పీలేరు హేమవాణి,
వాళ్ళమ్మతో తమిళం, మాతో తెలుగు,
కలవరింతల్లో రెండూ కలిపే నగరి అముద.
తలుపు వారగా చాప మీద నేను.
"మీది నెల్లూరా?"
"కాదు, గంగాధర నెల్లూరు."
మొదటి వారమంతా నేను మాట్లాడింది అంతే.

నోటీసు బోర్డు మీద సీలు వేసిన కాగితం:
రాత్రి ఏడు దాటితే బయట తిరగరాదు, చిరుత సంచారం.
చూసినవాళ్ళు లేరు.
చూసినవాళ్ళను చూసినవాళ్ళు మాత్రం ప్రతి గదిలోనూ ఉన్నారు.
ఒక రాత్రి కుక్కలన్నీ ఒక్కసారే గమ్మునయినాయి.
కిటికీ పక్కన పడుకునే మునీశ్వరి దిండు చంకన పెట్టుకొని వచ్చి
"మే, నా మంచం నువ్వు తీసుకో,
నాకు నేల మీదయితేనే నిద్ర వస్తాది" అనింది.
అట్లా, చిరుత పుణ్యాన,
నాకు మంచం దొరికింది.

కిటికీలోంచి కొండ దారి దీపాలు కనిపిస్తాయి.
ఈ ఊరికి వచ్చేవాళ్ళంతా పైకి పోయేవాళ్ళే.
కింద ఉండడానికి వచ్చింది మేమే.
ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "కొండకు పోయొస్తివా?" అంటారు.
ఏం చదువుతున్నావని మా చిన్నత్త ఒక్కతే అడిగింది.
"రాళ్ళు" అన్నాను.
"రాళ్ళు చదివేదేందే, మోసేవి కదా" అనింది.

అక్టోబరు ముసురులో
సారు మమ్మల్ని ఘాట్ రోడ్డు మలుపులో దించాడు.
పక్కనుంచి జీపులు, గోవిందలు, గుండ్ల మీద గంధాలు.
మేం పదిహేనుమందిమి
కొండకు వీపు చూపని వాళ్ళలా రాతికి ఆనుకొని నిలబడినాం.
"కింద గ్రానైటు. పైన క్వార్ట్‌జైటు.
మధ్యలో ఈ గీత చూడండి.
ఎనభై కోట్ల ఏండ్లు ఇక్కడ లెక్కకు రావు."
ఎందుకో నా గొంతు లేచింది:
"ఆ ఏండ్లన్నీ ఖాళీనా సార్?"
ఆయన గొడుగు మూసి, సుత్తి చంకలో పెట్టుకొని,
"ఖాళీ యాడిది మ్మా?
వాన పడె, గాలి కొట్టె, రాయి అరిగె.
జరిగిందంతా జరిగింది.
రాసిపెట్టుకోలేదు, అంతే" అన్నాడు.

చెయ్యి చాపాను.
బొటనవేలు కింది రాతి మీద,
చిటికెనవేలు పైరాతి మీద,
మధ్యలో జానెడు.
రాయి తడిగా, చల్లగా ఉంది.
చెయ్యెత్తితే చుడీదార్ మోచేతికి జారింది.
సర్దుకోవాలని చాలాసేపటికి గుర్తొచ్చింది,
అప్పటికే అందరూ బస్సు దగ్గరున్నారు.

ఇంజను కాగి మా వెనక ఆగిన వ్యాన్లోంచి
గుండు కొట్టించుకున్న అవ్వ ఒకామె దిగింది.
నేను చెయ్యి పెట్టిన చోటనే చెయ్యి పెట్టి,
కళ్ళకద్దుకొని,
కొంగు ముడిలోంచి చిటికెడు కుంకుమ తీసి గీత మీద అద్దింది.
"ఈడ ఏం సామి మ్మా?"

బస్సు హారన్ కొడతా ఉంది.

"తెలీదవ్వా,
ఇంకా ఫస్టియరే."