పావు వంతు బాట

దేవరకొండ బస్టాండు ఎనక
మౌలాలి టైర్ల దుకాణంల
నా క్యాంపర్ బండిని జాకీ మీద లేపిండ్రు.
నాలుగు కాళ్లూ గాలిల ఉంటే
ఎంత పెద్ద బండైనా చిన్నపిల్లే.

మౌలాలి ముందుగాల ధర చెప్పలే.
బర్రె పొదుగు తడిమినట్టు
పాత టైరును తడిమిండు.
"లోపలి అంచు అరిగింది, అలైన్‌మెంటు ఎన్నడు చూపియ్యలే.
పక్కలకు కోతలున్నయి, బండలెక్కుతవు.
నడుమ నున్నగైంది,
డీజిలు కలిసొస్తదని గాలి ఎక్కువ కొట్టిస్తవు."
జేబుల చెయ్యి పెట్టి నోట్లు లెక్కవెట్టుకుంట నేను.
ఇంట్లోళ్లకు గూడ ఇంత తెల్వదు నా సంగతి.

"రోజుకెంత దూరం?"
నలభై నాలుగు.
ముప్పై మూడు డాంబరు.
కడమ పదకొండును రోడ్డంటే
చూసినోళ్లు నవ్వుతరు.
మొరం, పలుగురాళ్లు, రెండు వాగులు,
ఎర్రగుంటల తండా ఎక్కే కాడ
సబ్బు లెక్క నల్లబండ.

గోడకు మూడు తీర్లు ఆనిచ్చున్నయి.
గీతల టైరు సస్తా,
డాంబరు మీద పాము లెక్క పోతది,
బండ మీద గూడ పాము లెక్కనే.
పెద్ద బటన్లది బురదను చీరుకుంట పోతది,
తారెక్కినంక తేనెటీగల తుట్టె మోసుకపోతున్నట్టు ఒకటే మోత,
లీటరుకు రెండు కిలోమీటర్లు అదే తింటది.
నడిమిది రెండిటికీ సుట్టం.
ఒక్కటి ఏడువేల ఆరునూర్లు.

నాలుగు కొంటే ముప్పై వేల నాలుగు నూర్లు.
నా జేబుల పదిహేడు వేలు,
అవి గూడ పాలకేంద్రం బిల్లు పొద్దుగాలే ఇచ్చిండ్రు గనక.

"రీబటన్ ఎయ్యనా అన్నా?" అన్నడు పానా పట్టుకున్న పిలగాడు.
మౌలాలి వాని దిక్కు చూసిండు, అంతే.
నాకు మాత్రం టైరు పక్కన నాలుగంకెలు చూపిచ్చిండు,
ఏ వారం పుట్టింది, ఏ ఏడు పుట్టింది.
"సంబంధం చూసేటప్పుడు వయసడగవా?"

నాలుగుల మూడొంతులు డాంబరే గదా,
గీతలదే ఇయ్యి,
అందామని నోటిదాక వచ్చింది.

మొన్నటి శ్రావణం, రెండో వాగు.
ఎనక చక్రం జారింది.
బండి ఒరిగింది.
ఎనిమిది క్యాన్లు ఒకదానెనక ఒకటి.
అగో ఆ మలుపు దాక
వాగు తెల్లగ పారింది.
ఎవ్వలం మాట్లాడలే.
ధేగావత్ జంకి పాలు గూడ అండ్లనే ఉండె,
ఒడ్డున నిలవడి చూసి చూసి
"ఇయ్యాల చేపలకు చాయ" అన్నది.
తండాల ఒక్కలు గూడ పైసలడగలే.
అడిగినా మంచిగుండు.

"నడిమిది. రెండు. ఎనకకు."
"ముందటివి?"
"దసరా పోయినంక."
మౌలాలి బుక్కుల రాసుకోలే.
పాతవాట్ల మంచివి రెండు ఏరి ముందుకు మార్చిండు,
అలైన్‌మెంటు పట్టిండు,
"తండా మొదట్ల జరంత గాలి తియ్యి,
తారెక్కేముందు మళ్ల కొట్టించు,
బద్ధకం చెయ్యకు" అన్నడు.

రాత్రి డాంబరు మీద కొత్త సప్పుడు,
ఎనక సీట్ల ఎవలో గొంతు సవరిచ్చుకుంటున్నట్టు.

తెల్లారి నాలుగున్నర. నల్లబండ.
మొదటి గేరు.
ఎనక చక్రం ఒక్క గడియ
ఏదో యాదిచేసుకున్నట్టు ఆగింది.
ఎక్కింది.

నా సప్పుడు ఇంటే మలుపు దాక ఉరికొచ్చే జంకి కుక్క
ఇయ్యాల పళ్లు చూపిచ్చి మొరిగింది.
ఇన్నేండ్లు అది గుర్తుపట్టింది
నన్ను గాదు, నా అరిగిన టైర్లను.

జంకి క్యాను దించి
టైరు మీది రబ్బరు వెంట్రుకలను గిల్లి చూసింది.
"కొత్త బండా?"
"సగం కొత్తది" అన్న.
ఆమె క్యాను ఎక్కిచ్చింది.
మూత ఇంకోపారి బిగిచ్చింది,
ఎందుకైనా మంచిదని.